యువతీయువకులు బెరుకు లేకుండా పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) రావాలంటే ఏం చేయాలి?

తెల్లబట్ట, నెలసరి తేడాలు, సుఖవ్యాధి వచ్చిందేమోనన్న టెన్షన్, గర్భం రాకుండా జాగ్రత్తలు... వీటికి సర్కారు ఆసుపత్రుల్లో సలహా, మందులు ఉచితం. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ కింద 10–19 ఏళ్ల వారికి ప్రత్యేక క్లినిక్‌లూ ఉండాలి. అయినా పిల్లలు వెళ్లరు. ఊరివాళ్లు ఎవరైనా చూస్తే ఇంట్లో చెప్పేస్తారని భయం. ఆశా కార్యకర్తో, లెక్చరరో, యువజన సంఘమో పూనుకుంటే దీన్ని చాలావరకు పోగొట్టొచ్చు.

ముందు మీరే ఒక పూట ఓపీలో కూర్చుని చూడండి. చీటీ రాసేవాళ్లు "ఏంటమ్మా సమస్య?" అని వరండా అంతా వినబడేలా అడుగుతున్నారా? డాక్టరు ఒకరితో మాట్లాడుతుంటే వెనకే ఇంకో నలుగురు నిలబడుతున్నారా? కౌమార క్లినిక్ సరిగ్గా కాలేజీ వేళల్లోనే పెట్టారా? కనిపించినవన్నీ రాసుకోండి.

తర్వాత మెడికల్ ఆఫీసర్‌ను కలవండి. తప్పులు పట్టడానికి వచ్చినట్టు కాకుండా రెండు మూడు విషయాలే అడగండి. చీటీలో సమస్య రాయకుండా నేరుగా లోపలికి పంపాలి. తలుపుకు కర్టెన్ కావాలి. వారానికి ఒక్క రోజైనా క్లాసులు అయ్యాక చూడాలి. గేటు దగ్గర పెద్ద బోర్డు మాత్రం వద్దు, దాని కిందనుంచి ఎవరూ లోపలికి నడవరు.

అసలు కష్టం చట్టం దగ్గర వస్తుంది. 18 నిండిన అమ్మాయి అబార్షన్‌కు ఆమె సమ్మతి చాలు, ఇంట్లోవాళ్ల సంతకం అక్కర్లేదు. 20–24 వారాల గర్భం విషయంలోనూ పెళ్లి కాలేదని తేడా చూపకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 18 లోపైతే సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి, పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద పోలీసులకు సమాచారమూ ఇవ్వాలి. అయితే అమ్మాయి, ఆమె సంరక్షకులు ఇద్దరూ కోరితే డాక్టరు ఆ సమాచారంలో ఆమె పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదని అదే తీర్పులో ఉంది. ఇదంతా మొదటే చెప్పండి. "ఎవరికీ తెలియదులే" అని మాటిచ్చి తర్వాత పోలీసులు వస్తే, ఆ ఊళ్లో ఇంకెవరూ మీ మాట నమ్మరు.

కాలేజీలో చెప్పేటప్పుడు ఉపన్యాసాలు వద్దు. పేరు రాయని చీటీల మీద ప్రశ్నలు తీసుకుని, ఏఎన్‌ఎం చేత జవాబులు చెప్పించండి. అత్యవసర గర్భనిరోధక మాత్రను 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదని చెప్పాలి. ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో) పరీక్ష ఉచితమని, సమ్మతి లేకుండా చేయరని కూడా చెప్పాలి. ఎదురుగా అడగలేనివాళ్లకు హెచ్‌ఐవీ సలహాలిచ్చే 1097 ఉచిత హెల్ప్‌లైన్ నంబరు బోర్డు మీద రాయండి.

మూడు నెలలయ్యాక ఎంతమంది యువతీయువకులు వస్తున్నారో ఏఎన్‌ఎంను అడగండి. అమ్మాయిలే వచ్చి అబ్బాయిలు రాకపోతే, వాళ్లతో మాట్లాడటానికి మగ సిబ్బంది ఒకరిని పెట్టమని అడగండి.