పోటీ చట్టం: స్వయంబోధిని – 4వ పాఠం: సభ్యత్వ నిబంధనను చదవడం

ఈ పాఠంలో ఒక వార్తా సేకరణ సహకార సంఘపు నియమావళిని ముందు పెట్టుకుని, అందులో పోటీకి అడ్డుపడే వాక్యాన్ని పట్టుకోవడం నేర్చుకుందాం.

విజయవాడ, గుంటూరు నగరాల్లోని చిన్న దినపత్రికలు కొన్ని అలాంటి సంఘం పెట్టుకున్నాయనుకోండి. మిర్చి యార్డు ధరలకు, ప్రకాశం బ్యారేజీ నీటిమట్టానికి, కోర్టు వార్తలకు ఎవరికి వారు విలేఖరిని పెట్టుకోలేరు గనుక, అందరూ ఖర్చు పంచుకుని ఒక్కరినే పెట్టుకుంటారు. ఇందులో తప్పు లేదు; చిన్న పత్రిక నిలబడాలంటే ఇదే దారి అని నా గట్టి నమ్మకం. అందుచేత ఖర్చుల పంపకం పేజీలు త్వరగా తిప్పేసి, 'సభ్యత్వం' అన్న చోట ఆగండి. అక్కడ ఇలా రాసి ఉందనుకుందాం: "దరఖాస్తుదారునికి పోటీ అయిన సభ్యుడు అభ్యంతరము తెలిపినచో, సర్వసభ్య సమావేశములో మెజారిటీ ఆమోదము పొందవలెను."

'పోటీ అయిన' అన్న మాట కింద పెన్సిలుతో గీత గీయండి. కొత్త పత్రిక వస్తే చందాదారులను పోగొట్టుకునేది ఎవరో, తలుపు దగ్గర కాపలా ఉన్నదీ వారే.

అమెరికాలో పత్రికల ఉమ్మడి వార్తా సంఘమైన అసోసియేటెడ్ ప్రెస్ నియమావళి సరిగ్గా ఇక్కడే చిక్కుకుంది. 1,200కు పైగా పత్రికలున్న ఆ సంఘంలో పోటీ లేని పత్రికను డైరెక్టర్లే చేర్చుకోగలిగేవారు. పోటీ పత్రికకైతే, పాత సభ్యుడు ఒప్పుకోనప్పుడు, మెజారిటీ ఓటుతో పాటు, 1900 అక్టోబరు 1 నుంచి ఆ ప్రాంతపు సభ్యులు చెల్లించిన మొత్తంలో 10 శాతం కట్టాలన్న షరతు కూడా ఉండేది. షికాగో సన్ పత్రికకు ఈ తలుపు తెరుచుకోలేదు. 1945లో సుప్రీంకోర్టు, జస్టిస్ హ్యూగో బ్లాక్ రాసిన తీర్పులో, ఇది పోటీని అడ్డుకునే ఒప్పందాలను నిషేధించే 1890 నాటి షెర్మన్ చట్టానికి విరుద్ధమని తేల్చింది. పత్రికా స్వేచ్ఛ ఇందుకు రక్షణ కాదని కూడా చెప్పింది. అయితే సంఘాన్ని రద్దు చేయలేదు, పోటీదారు పట్ల వివక్షను మాత్రమే ఆపింది. ఈ తేడాను మీరు మరువకూడదు.

మన 2002 పోటీ చట్టంలో 'వ్యక్తి' నిర్వచనంలోకి సహకార సంఘం కూడా వస్తుంది. సహకార సంఘంగా రిజిస్టరైనంత మాత్రాన, పోటీని దెబ్బతీసే ఒప్పందాలను నిషేధించే 3వ సెక్షన్ నుంచి మినహాయింపు దొరకదు. సభ్యుల మధ్య ఉన్న ఒప్పందం వల్ల కొత్తవారి ప్రవేశానికి అడ్డంకి ఏర్పడుతోందా, వినియోగదారునికి మేలు కలుగుతోందా వంటి అంశాలను 19(3) సెక్షన్ ప్రకారం, ఈ చట్టాన్ని అమలు చేసే పోటీ కమిషన్ పరిశీలిస్తుంది.

అభ్యాసం: పై నిబంధనను, పోటీదారు అభ్యంతరం ప్రసక్తి లేకుండా, అందరికీ ఒకే రుసుము, ఒకే వార్తల కోటా ఉండేలా తిరగరాయండి. సభ్యులు బయటివారికి వార్తలు అమ్మకూడదన్న నిబంధనను 5వ పాఠంలో చదువుదాం.