భయానక కథారచన – ఆరవ పాఠం: గుట్టు ఎవరిది, నోరు ఎవరిది

ఐదవ పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. పదహారు, పదిహేడేళ్ళ క్వీర్ పిల్లలు (అంటే స్వలింగ ప్రేమ ఉన్నవాళ్ళు, ట్రాన్స్ పిల్లలు వంటివారు) ఇద్దరు ఒక భూతానికి మొదటిసారి ఎదురుపడే సన్నివేశం రాయమన్నాను. ఒక్కొక్కరికి ఒక్కో రహస్యం ఉండాలనీ, ఆ రహస్యం భూతానికి తెలిసి ఉండాలనీ చెప్పాను. మీరు రాసి పంపినవన్నీ చదివాను. ఈసారి భూతం రూపురేఖల గురించి చెప్పవలసి ఉన్నా, ఆ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను, ఎందుకంటే దాదాపు ప్రతి సన్నివేశంలోనూ భూతం నోరు తెరిచి పిల్లల గుట్టు రట్టు చేసింది, సన్నివేశం అక్కడితో ముగిసిపోయింది. ఒకరి కథలో ఆ రహస్యం గోడ మీద నెత్తుటి అక్షరాలై కనిపించింది. ఇంకొకరి కథలో బడి మైకులోంచి వినిపించింది. మరొకరి కథలో నిద్రపోతున్న తండ్రి చెవిలోకి భూతం ఆ మాట ఊదింది.

ఈ పొరపాటుకు బీజం నా వాక్యంలోనే ఉంది. భూతానికి రహస్యం తెలిసి ఉండాలన్నాను గానీ, అది చెప్పకూడదని అనలేదు. తెలిసినవాళ్ళు ఎప్పుడు చెబుతారో తెలియకపోవడమే భయం. చెప్పేసిన మరుక్షణం భూతానికి పిల్లల మీద ఉన్న పట్టు జారిపోతుంది, ఆ తరువాత అది ఎంత పెద్ద కోరలు చూపించినా పాఠకుడికి అది మామూలు జంతువే.

దీని గురించి ఇంత పట్టుగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నాకు పదిహేనేళ్ళప్పుడు, నా నోటుపుస్తకం చివరి పేజీలో ఒక స్నేహితుడి గురించి రాసుకున్న నాలుగు వాక్యాలను, టీచరు రాకముందు ఒకడు బల్ల ఎక్కి నిలబడి పైకి చదివాడు. మూడో వాక్యం దగ్గర నా కొక్కిరిబిక్కిరి రాత అర్థం కాక ఒక మాట తప్పు చదివాడు. ఆ తప్పును సరిదిద్దాలని నాకు నోటి దాకా వచ్చింది. ఆ వాక్యాలు నావి, వాటిని మొదట వినవలసినవాడు ఒక్కడే, అతను ఆ గదిలోనే మూడో వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. కథలో భూతం చేత ఆ పని చేయించినప్పుడు మీరు బల్ల ఎక్కినవాడి పక్కన నిలబడుతున్నారు. కథలో అలాంటి ఘటన రానే రాకూడదని నేననను. వస్తే అది కథకు మొదటి దెబ్బ కావాలి గానీ ముగింపు కాకూడదు, తరువాతి పేజీలన్నీ ఆ పిల్లవాడి వెంట నడవాలి.

రహస్యాన్ని బయటపెట్టకుండా భయం పుట్టించడానికి మనకు బాగా తెలిసిన నమూనా బేతాళుడు. శవాన్ని భుజాన వేసుకుని విక్రమార్కుడు మౌనంగా నడవాలి. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుంది, చెబితే మౌనం భంగమై బేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు 'కథాసరిత్సాగరం'లో చెప్పిన నాటికే ఈ నిబంధన ఇంత పదునుగా ఉంది. బేతాళుడు రాజు గురించి ఎవరికీ ఏమీ చెప్పడు. రాజు చేత చెప్పిస్తాడు, నోరు విప్పడమా మానడమా అన్న నిర్ణయాన్ని మాత్రం రాజుకే వదిలేస్తాడు. చివరి కథలో రాజుకు జవాబు నిజంగానే తెలియదు కనుక మౌనంగా నడుస్తాడు, ఆ మౌనమే కథను మలుపు తిప్పుతుంది. మీ భూతానికి ఇలాంటి నిబంధన ఒకటి ఉంటే చాలు, కోరలూ గోళ్ళూ తరువాత చూసుకోవచ్చు.

ఇప్పుడు మనం పాఠమంతా వాడుకోబోయే కథ చెబుతాను. పాడుబడిన బావిలో ఒక భూతం ఉంది. ఎవరి పేరైనా ఇంకొకరి నోటి నుంచి దానికి అందితే, ఆ పేరుతో మూడుసార్లు పిలిచి ఆ మనిషిని లోపలికి రప్పించుకుంటుంది. ఎవరైనా తమ పేరు తామే చెప్పుకుంటే ఆ పేరు దానికి పనికిరాదు. బావి లోపల మనిషికి భూతం గొంతూ, తన పేరూ తప్ప మరే శబ్దమూ వినిపించదు. మాధవ్ ట్రాన్స్ అబ్బాయి, అంటే పుట్టినప్పుడు అందరూ అమ్మాయి అనుకున్నవాడు. అతని అసలు పేరు ఇందు అనే స్నేహితురాలికి ఒక్కదానికే తెలుసు, మిగతా లోకమంతా అతనిని పాత పేరుతోనే పిలుస్తుంది. ఇందు ఒక అమ్మాయిని ప్రేమిస్తోంది, ఆ సంగతి మాధవ్‌కు తెలుసు కాబట్టి అది వాళ్ళిద్దరి మధ్య రహస్యం కాదు. ఆమె దాచినది వేరే ఉంది: వారం కిందట బావి దగ్గర చిక్కుకున్నప్పుడు, తనను వదిలించుకోవడానికి ఆమె మాధవ్ పాత పేరును భూతానికి చెప్పేసింది.

ఇందు రహస్యానికి ఆమె ప్రేమతో సంబంధం లేదని గమనించండి. మీ సన్నివేశాల్లో క్వీర్ పిల్లలకు ఉన్న ఒకే ఒక్క రహస్యం వాళ్ళు క్వీర్ కావడమే. వాళ్ళు కూడా స్నేహితులను మోసం చేస్తారు, భయపడి అబద్ధమాడతారు, తమ్ముడి మీద అసూయ పడతారు. ఆ తప్పులు వాళ్ళకు ఇవ్వండి, అప్పుడే వాళ్ళు మనుషులవుతారు.

కొందరు భూతాన్నే ప్రేమకు ప్రతీకగా చేశారు. భూతం తాకిన అమ్మాయి ఇంకో అమ్మాయిని కోరుకోవడం మొదలుపెడుతుంది, భూతం చచ్చాక మామూలుగా అవుతుంది. ఈ ఊహ మీది కాదు, చాలా పాతది. 1872లో పుస్తకంగా వచ్చిన 'కార్మిల్లా'లో, డ్రాకులా పుట్టడానికి పాతికేళ్ళ ముందే, ఒక అమ్మాయిని ప్రేమించిన ఆడ రక్తపిశాచి ఉంది, ఆ పిశాచి గుండెలో మేకు దిగాకే ఆ కథ ముగుస్తుంది. 1934 నుంచి హాలీవుడ్‌లో గట్టిగా అమలైన నియమావళి స్వలింగ ప్రేమను సూచనప్రాయంగా కూడా చూపకూడదని నిషేధించడంతో, ఆ ఛాయలు చాలాకాలం దుష్టపాత్రల ముసుగులోనే తెరకెక్కాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణను వ్యాధుల పట్టిక నుంచి తీసేసింది. భూతవైద్యంతో ప్రేమ కుదిరిపోయే ముగింపు రాస్తే మీరు 1990కి వెనక్కి వెళ్ళినట్టే. ఇంతకుమించి దీని గురించి చెప్పవలసినది లేదు, అలా రాయకండి.

ఇక అసలు ఉచ్చు దగ్గరికి వస్తాను. భూతం నోరు కట్టేసిన తరువాత కూడా, మీలో కొందరి కథల్లో గుట్టు బయటపడిపోయింది. బయటపెట్టింది భూతం కాదు, క్రియాపదం. తెలుగులో రాసేవాళ్ళందరికీ ఈ ఉచ్చు ఉంది, దాని మీద ఎవరూ దృష్టి పెట్టకపోవడం నన్ను ఏళ్ళ తరబడి బాధిస్తోంది.

మన ప్రథమపురుష ఏకవచన క్రియ లింగం చెప్పకుండా కదలదు. 'వచ్చాడు' అంటే మగవాడు, 'వచ్చింది' అంటే కానిది. తన గురించి ఇంకా ఎవరికీ చెప్పని పాత్ర గురించి మీరు 'తను తలుపు దగ్గర ఆగాడు' అని రాసిన క్షణంలో, ఆ పాత్ర అడగకుండానే పాఠకుడికి చెప్పేశారు. 'తను' అనే సర్వనామం దాచిన దాన్ని 'ఆగాడు' బయటపెట్టింది. దాచాలంటే భాషలోనే తోవలున్నాయి. వ్యతిరేక భూతకాలం ఎవరి లింగమూ చెప్పదు: మాధవ్ రాలేదు, ఇందు రాలేదు, భూతం రాలేదు. 'తనకు తెలుసు', 'తనకు భయం వేసింది', 'తను వెళ్ళాలి' అన్నవీ చెప్పవు. 'ఎవరో వచ్చారు' అన్నా చెప్పదు. 'వచ్చేసరికి', 'వింటూ', 'దిగగానే' లాంటి అసమాపక రూపాలతో వాక్యాన్ని ఎంత దూరమైనా లాగవచ్చు, చివరి సమాపక క్రియను వేరే కర్తకు అప్పగిస్తే సరిపోతుంది: 'తను చివరి మెట్టు దిగగానే పైన వెలుతురు ఆరిపోయింది.'

ఉత్తమపురుషలో రాస్తే ఈ బెడద ఉండదని చాలామంది అనుకుంటారు. 'నేను వచ్చాను' లింగం చెప్పదు నిజమే. కానీ రెండో పేరాలోనే 'రోజూ సాయంత్రం ఆ బావి దగ్గరికి వెళ్ళేదాన్ని' అని రాసేస్తారు. అలవాటును చెప్పే ఆ భూతకాలం 'వెళ్ళేవాణ్ణి', 'వెళ్ళేదాన్ని' అని రెండుగా చీలిపోతుంది. 'నేను ఒంటరిదాన్ని', 'నేను పిరికివాణ్ణి' కూడా ఇంతే. పది పేజీలు జాగ్రత్తగా దాచి, ఒక్క 'చదువుకునేదాన్ని' దగ్గర పాఠకుడి ముందు దొరికిపోయిన కథలను నేను చాలా చూశాను. ఇదే రూపాన్ని తెలిసి వాడితే అంతకన్నా బలమైన ఆయుధం లేదు. కథంతా 'వెళ్ళాను', 'చూశాను', 'నాకు తెలుసు' అంటూ వచ్చిన మాధవ్, ఇందు దగ్గర మొదటిసారి 'చిన్నప్పుడు చీకటంటే భయపడేవాణ్ణి' అన్నాడనుకోండి. ఆ మాట మీద వాక్యం ఆపండి. ఇందు విన్నదని కూడా రాయనవసరం లేదు, పక్కన కూర్చున్న ఆమె చేతిలో గడ్డిపరక తుంచడం ఆగిపోతే సరిపోతుంది.

మనం చెప్పుకుంటున్న కథలో మాధవ్ ఎవరో పాఠకుడికి మొదటి నుంచీ తెలుసు కనుక, కథకుడు 'ఆగాడు', 'దిగాడు' అనే రాయాలి, ఒక్కసారి కూడా తప్పకూడదు. అతని పాత పేరును కథలో ఎక్కడా రాయవద్దు. భూతం దాన్ని పిలిచినప్పుడు 'బావి ఆ పేరును పలికింది' అనండి, పాఠకుడికి అంతకన్నా అక్కర లేదు. అప్పుడు పాత్రల నోట్లో వచ్చే క్రియలే ఎవరికి ఏం తెలుసో చెబుతాయి. 'ఆ పిల్ల ఎక్కడికి పోయింది?' అని అడిగే పెద్దలకు తెలియదు. 'కిందికి దిగాడు' అనే ఇందుకు తెలుసు. భూతం మాధవ్‌తో మాట్లాడేటప్పుడు 'నువ్వు వచ్చావు' అంటుంది కనుక దానికి ఎంత తెలుసో అతనికి అంతుపట్టదు. ఇందుతో అతని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడే దాని క్రియకు ఒక చివర ఉండాలి. ఆ వాక్యాన్ని వీలైనంత ఆలస్యం చేయండి.

ఇంకొక చిక్కు కూడా ఇక్కడే ఉంది. మన వ్యాకరణంలో ఏకవచనంలో అమ్మాయికీ భూతానికీ క్రియ ఒకటే. 'ఇందు వెనక్కి తిరిగింది. భూతం చేయి చాచింది. నవ్వింది.' నవ్వింది ఎవరు? రాసినవారికి తెలుసు, చదివేవారికి తెలియదు. మాధవ్ ఉన్న చోట ఈ తికమక రాదు. అమ్మాయి ఉన్నచోట కర్త పేరు మళ్ళీ రాయండి, అందం కోసం వదిలేయకండి. కథలో ఒక్కచోట మాత్రం వదిలేయవచ్చు: భూతం ఇందు గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు.

ఇప్పుడు బావి అంచు చూద్దాం. వారం కిందట లోపలికి వెళ్ళిన ఒక చిన్న పిల్లవాడి కోసం మాధవ్ దిగాడు. ఆ పాత పేరు మూడుసార్లూ వినిపించింది, అతని పాదాలు కదలలేదు, అది అతనిది కాదు మరి. పిల్లవాడిని భుజాన వేసుకున్నాడు గానీ, ఆ చీకటిలో పైకి దారి ఏదో తెలియడం లేదు. పైన ఇందు మోకాళ్ళ మీద ఒంగి ఉంది. అసలు పేరుతో పిలిస్తే ఆ గొంతు పట్టుకుని పైకి రాగలడు, కానీ ఆమె నోటి నుంచి వచ్చిన పేరు ఇక భూతానిది. ఇంతకుముందు ఒకసారి ఒక పేరు ఇచ్చేసిన నోరు అది. ఆమె రాయి అంచును పట్టుకుంటుంది, గోటి సందులో నాచు ఇరుక్కుంటుంది, పెదవులు ఆ పేరులోని మొదటి అక్షరం దగ్గర కలుసుకుంటాయి, విడిపోవు.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. మొదటి దారిలో మాధవ్ తన పేరు తానే బావికి వినిపించేలా అరుస్తాడు, ఆ ప్రతిధ్వని పట్టుకుని ఎక్కుతాడు. రెండో దారిలో ఎవరికీ ఏమీ చెప్పడు. దిగేటప్పుడు పందొమ్మిది మెట్లు లెక్కపెట్టుకున్నాడు, తొమ్మిదోది విరిగి ఉంది. కాలితో తడుముకుంటూ ఆ విరిగిన మెట్టును వెతికి పట్టుకుంటాడు. ఎక్కువమందికి మొదటిది నచ్చుతుంది, నాకు రెండోదే ఇష్టం. చెప్పిన పిల్లలే గెలుస్తారని రాసే కథలు, ఇంట్లో చెప్పే పరిస్థితి లేని పిల్లలకు అన్యాయం చేస్తాయి. వాళ్ళు కూడా పైకి రావాలి. ఏ దారి ఎంచుకున్నా, అది మాధవ్ నిర్ణయమని కనిపించాలి. ఇందు తన తప్పు చెప్పుకోవడం కూడా అతను పైకి వచ్చాకే, ఆమె నోటితోనే జరగాలి.

అభ్యాసం కష్టంగా ఉంటుంది, వారం పట్టినా తొందరపడకండి. ఇందు బావి అంచున ఉన్న ఆ కొద్ది నిమిషాలను మూడుసార్లు రాయండి, ప్రతిసారీ 400 పదాలకు తగ్గకూడదు. మొదటిసారి కథకుడి గొంతుతో, భూతం, ఇందు ఇద్దరూ ఉన్నా 'ఇంది'తో ముగిసే ఒక్క క్రియ కూడా ఎవరిదో తెలియకుండా మిగలకూడదు. రెండోసారి మాధవ్ ఉత్తమపురుషలో, చివరి వాక్యం దాకా అతని లింగం చెప్పే ఒక్క రూపం కూడా రాకూడదు, 'వాణ్ణి', 'దాన్ని' రెండూ నిషిద్ధం, చివరి వాక్యంలో ఒకటే ఒకటి రావాలి. మూడోసారి మాధవ్ సంగతి ఏమీ తెలియని ఆ చిన్న పిల్లవాడు, పైకి వచ్చాక, తనను మోసుకొచ్చిన మనిషి గురించి పెద్దలకు చెబుతున్నట్టు. అతను ఏ క్రియ వాడతాడో ముందుగా నిర్ణయించుకోకండి. రాసి, ఎర్ర సిరాతో ప్రతి సమాపక క్రియ కింద గీత గీసి, అప్పుడు చూడండి.