చెన్నై నుంచి మూడు రోజుల పక్షుల యాత్ర: నీటిని, వేళను, వెలుగును చూసి బయలుదేరడం

చెన్నైలో చలికాలమంటే తెల్లవారుజామున ఒక పలుచని దుప్పటి. తొమ్మిది దాటితే మళ్లీ ఉక్కపోత. అయినా ఉత్తరాసియాలో చెరువులు గడ్డకట్టే వేళకు సూదితోక బాతులు, ఉల్లంకులు వెతుక్కుంటూ వచ్చేది ఈ వెచ్చదనాన్నే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వర్షం ఇక్కడి చెరువులను నింపుతుంది. వానలు ఆగీ ఆగగానే వెళ్తే నీరు ఊరంతా పరుచుకొని ఉంటుంది కనుక పక్షులు కూడా చెదిరిపోయి ఉంటాయి. నీరు తగ్గి చేపలూ నత్తలూ మడుగుల్లో చిక్కే సమయానికి, అంటే సంక్రాంతి తరువాతి నుంచి ఫిబ్రవరి చివరి వరకు, యాత్ర పెట్టుకోవడం మేలు. వాన తక్కువ పడిన ఏడాది వేడంతాంగల్ చెరువు ఎండిపోయే అవకాశం కూడా ఉంది కాబట్టి, గది బుక్ చేసే ముందే నీరు ఉందో లేదో విచారించండి.

సామగ్రి విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. 8 రెట్లు పెద్దదిగా చూపే, 42 మిల్లీమీటర్ల కటకం ఉన్న బైనాక్యులర్ చాలు; 12 రెట్లది కొంటే చేయి వణికినప్పుడల్లా పక్షి కూడా వణుకుతుంది. మట్టిరంగు దుస్తులు, టోపీ, తాగునీరు, ఒక చిన్న నోటు పుస్తకం వెంట ఉంచుకోండి. ఫోనులో మెర్లిన్ యాప్ ఉంటే పేర్లు తేలికగా దొరుకుతాయి, కానీ ముందు పక్షిని చూసి, తరువాత యాప్‌ను చూడండి.

మొదటి ఉదయం ఊరు దాటవద్దు. వేళచ్చేరి దాటగానే వచ్చే పళ్లికరణై చిత్తడినేల 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల జాబితాలో, చేరింది. ఒక పక్క పెరుంగుడి చెత్తకుప్ప, మరొక పక్క ఐటీ భవనాలు, నడుమ జమ్ముగడ్డిలో ఊదారంగు ఒళ్లు, ఎర్రముక్కు ఉన్న నీటికోళ్లు. అందమైన చోటని చెప్పను గాని, కన్ను కుదుర్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి బడి లేదు.

రెండవ రోజు యాత్రకు గుండెకాయ వంటిది. దానిని నేలపట్టు పక్షుల చెరువుకు, సూళ్లూరుపేట పక్కనున్న పులికాట్ సరస్సుకు పూర్తిగా వదిలేయండి. సూళ్లూరుపేట చెన్నైకి దాదాపు 80 కిలోమీటర్లు. సబర్బన్ రైలు కూడా ఉంది కాని, తెల్లవారేసరికి సరస్సు దగ్గర ఉండాలంటే ముందు రాత్రే చేరి అక్కడ బస చేయడం మంచిది. ఏటా జరిగే ఫ్లెమింగో పండుగ పిల్లలకు సరదాగా ఉంటుంది. పక్షుల కోసమే వెళ్లేవారు మాత్రం ఆ రోజులను తప్పించుకోవాలి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ తూర్పుకు సాగుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను నింపాదిగా టిఫిను ముగించుకొని పదకొండు గంటలకు చేరాను. ఎండమావుల్లో ఊగుతున్న తెల్లని చుక్కలు తప్ప మరేమీ కనిపించలేదు. అవి ఫ్లెమింగోలని పక్కనున్న టీకొట్టాయన చెబితే నమ్మవలసి వచ్చింది. ఏడు గంటలకే వెళ్లండి, రోడ్డుకు ఉత్తరపు వైపు చూడండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక వెలుగు మీ వీపు మీదుగా పక్షి మీద పడుతుంది. దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్లని నీడలే. ఫ్లెమింగో తలను తలకిందులుగా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోడుతూ, ముక్కు అంచులనే జల్లెడగా చేసుకొని సూక్ష్మజీవులను వడకడుతుంది. ఆ మేతలోని వర్ణకాల వల్లనే దాని రెక్కలకు గులాబిరంగు వస్తుంది. ఇదంతా చూడాలంటే ఒకే పక్షి మీద కనీసం పది నిమిషాలు నిలవాలి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఆ దారిలో తనిఖీలూ రద్దీ ఎక్కువ కాబట్టి తేదీ చూసుకోండి. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి, భద్రతా ద్వారం ఛాయల్లో కెమెరా తీయకండి.

ఎండ ముదరకముందే దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు చేరుకోవాలి. చెరువులో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి ఉంటాయి. పిల్ల తన తలను తల్లి ముక్కు కింది సంచిలోకి భుజాల దాకా దూర్చి చేప లాక్కునే దృశ్యం మొదటిసారి చూసినవారికి భయం కలిగిస్తుంది. మన ఊళ్లలో కొంగ కనిపిస్తే చాలు, అది సైబీరియా నుంచి వచ్చిందంటారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు మన దేశపు పక్షులే. నీటిని బట్టి చోటు మారుతాయంతే. అసలైన సైబీరియా కొంగ మన దేశంలో చివరిగా 2002లో భరత్‌పూర్‌లో కనిపించింది.

మూడవ రోజు మధ్యాహ్నం భోజనం చేసి, చెన్నైకి దక్షిణాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేడంతాంగల్‌కు బయలుదేరండి. పక్షులంటే తెల్లవారుజామునే అన్న నియమాన్ని ఇక్కడ పక్కన పెట్టవచ్చు. మేతకు వెళ్లిన గుంపులు గూటికి చేరేది సాయంత్రం నాలుగు తరువాతనే. ఈ చెరువును కాపాడింది మొదట ఊరివారే. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని వారికి తెలుసు. అందుకే తుపాకులతో వచ్చేవారిని అడ్డుకొని, 1798లో చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ చేత రక్షణ పత్రం రాయించుకున్నారు. గట్టు మీద బెంచీ పట్టుకొని కూర్చోండి, నత్తగుల్ల కొంగలు గూళ్లకు చేరేటప్పుడు వాటి ముక్కులను గమనించండి. పెద్దవాటికి ముక్కు పై భాగానికీ కింది భాగానికీ నడుమ వెలుగు కనిపించేంత సందు ఉంటుంది. పిల్లలకు ఉండదు, ఎదిగేకొద్దీ ఏర్పడుతుంది. ఎగరవేసి ఫోటో తీయడానికి చప్పట్లు కొట్టేవారు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. మర్యాదగా వారించండి, ఎందుకంటే తల్లి లేచిన గూటిలోని గుడ్డును కాకి క్షణంలో ఎత్తుకుపోతుంది.

తిరుగు ప్రయాణం మాత్రం ఆదివారం సాయంత్రం పడకుండా చూసుకోండి. సెలవు ముగించుకొని నగరానికి వచ్చే వాహనాలన్నీ అదే జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద ఉంటాయి, తాంబరం చేరేసరికి పక్షుల సంగతి ఎవరికీ గుర్తుండదు.