తాతముత్తాతలు రాయల్ నేవీలో చేసుంటే వాళ్ళ సర్వీస్ రికార్డు పట్టుకోవడం ఎలా

మీ వంశంలో ఎవరో బ్రిటన్ రాయల్ నేవీలో చేశారని వినడమే తప్ప ఇంకేం తెలీదనుకోండి, ముందు ఆయన ఆఫీసరా మామూలు నావికుడా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే ఇద్దరి రికార్డులూ వేరే వేరే చోట్ల ఉంటాయి. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఆఫీసర్లకి ఏడీఎమ్ 196 అనే సిరీస్ చూడండి (ఏడీఎమ్ అంటే అడ్మిరల్టీ, నేవీని నడిపిన శాఖ), నావికులకైతే 1853 నుంచి 1872 దాకా ఏడీఎమ్ 139, 1873 నుంచి ఏడీఎమ్ 188. పేరొక్కటే కొడితే అదే పేరుతో బోలెడుమంది వస్తారు, అందుకే పుట్టిన తేదీ, ఊరు కలిసిందో లేదో చూసుకున్నాకే డౌన్‌లోడ్ చేయండి.

1853కి ముందు చేరినవాళ్ళయితే కష్టమే. అప్పట్లో నావికులకి సెంట్రల్ రిజిస్టర్ లేదు, ఏ షిప్‌కి ఆ షిప్ మస్టర్ పుస్తకమే (షిప్‌లో ఉన్నవాళ్ళ హాజరు పట్టీ), అంటే షిప్ పేరు తెలిస్తేగానీ మనిషి దొరకడు. ఆ పుస్తకాల్లో డీ అంటే డిశ్చార్జ్, డీడీ అంటే చనిపోయాడు, ఆర్ అంటే పారిపోయాడు.

సరే, ఏడీఎమ్ 188 పేజీ దొరికింది, అసలు పని ఇక్కడే మొదలు. ఒక్కో లైన్‌లో షిప్ పేరు, హోదా, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, పక్కన ప్రవర్తన ఎలా ఉందో. వీజీ అని ఉంటే వెరీ గుడ్ అన్నమాట, మరీ మురిసిపోకండి, అది చాలామందికి ఇచ్చేవాళ్ళు. సెల్స్ అని పక్కన రోజుల లెక్క ఉంటే అన్ని రోజులు లోపలేశారని. పదిహేను, పదహారేళ్ళకే బాయ్‌గా (కుర్ర నావికుడిగా) చేరినా 12 ఏళ్ళ సర్వీసు 18 నిండిన రోజునుంచే లెక్క, దానివల్ల తేదీలు తేడాగా కనిపిస్తే కంగారొద్దు. 1908 నుంచి ఇచ్చిన నంబర్లకి ముందున్న అక్షరం కూడా ఉపయోగమే, జే అంటే సీమన్ (డెక్ మీద పనిచేసే నావికుడు), కే అంటే స్టోకర్ (బాయిలర్లకి బొగ్గు వేసేవాడు).

అందరూ బోల్తా పడేది షిప్ పేర్ల దగ్గర. విక్టరీ అని కనపడగానే మా ముత్తాత అడ్మిరల్ నెల్సన్ యుద్ధ ఓడ మీద చేశాడని ఊరంతా చెప్పేస్తారు, కానీ ఆ రోజుల రికార్డుల్లో అది చాలావరకు పోర్ట్స్‌మత్ రేవులోని బ్యారక్స్ (ఒడ్డున నావికులు ఉండే చోటు) పేరే, అలాగే పెంబ్రోక్ అంటే చాటమ్, వివిడ్ అంటే డెవన్‌పోర్ట్. ఒక షిప్ దిగి ఇంకోటి ఎక్కేలోపు మనుషుల్ని ఈ ఒడ్డు లెక్కల్లోనే రాసేవాళ్ళు, కాబట్టి అవి మధ్యమధ్యలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. వాటిని పక్కనపెట్టి, నిజంగా సముద్రంలో తిరిగిన షిప్పుల పేర్లూ తేదీలూ వేరే కాగితం మీద రాసుకోండి.

ఎందుకంటే సర్వీస్ పేజీ ఆయన ఎక్కడెక్కడికి వెళ్ళాడో చెప్పదు, అది షిప్ లాగ్ చెప్తుంది. లాగ్స్ ఏడీఎమ్ 53లో ఉంటాయి, రోజువారీ పొజిషన్, వాతావరణం, ఏ రేవులో ఆగింది, బొగ్గు ఎప్పుడు ఎక్కించారు అన్నీ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి చాలా లాగ్స్‌ని ఓల్డ్ వెదర్ అనే ప్రాజెక్టులో వాలంటీర్లు వాతావరణ పరిశోధన కోసం టైప్ చేసి పెట్టారు, మనకి ఉచితంగా కలిసొచ్చింది. మామూలు నావికుడి పేరు లాగ్‌లో వెతక్కండి, ప్రమాదమో చావో శిక్షో అయితే తప్ప దాదాపు ఉండదు, తేదీలు పట్టుకుని షిప్‌ని ఫాలో అవ్వడమే. ఆయనకొచ్చిన మెడల్స్ రికార్డులు కావాలంటే ఏడీఎమ్ 171.