కష్టమైన కేసు ముగిశాక: 108 సిబ్బంది పాటించదగిన పద్ధతి

108 అంబులెన్సులో ఉండేది ఇద్దరే: బండి నడిపే పైలట్, వెనుక రోగి పక్కన కూర్చుని అత్యవసర చికిత్స అందించే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్). 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ సేవ మొదలైనప్పటి నుంచి ఆసుపత్రికి చేరేలోగా బండిలో జరిగే మరణాలకు వీరే మొదటి సాక్షులు. పసిబిడ్డ దారిలోనే కన్నుమూసిన కేసును క్యాజువాలిటీలో అప్పగించిన తరువాత, తదుపరి పిలుపు అందేలోగా దొరికే కొద్ది నిమిషాలను ఎలా వాడుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి.

మొదట బండిని ఇద్దరూ కలిసి శుభ్రం చేయండి. స్ట్రెచర్ మీది రక్తాన్ని ఒక్కరే తుడవవలసి రావడం ఆ దృశ్యాన్ని మరింత లోతుగా నాటుతుందని నా నమ్మకం. ముఖం, చేతులు కడుక్కుని, నీళ్లు తాగి, బండిలో విడిగా ఉంచుకున్న చొక్కా మార్చుకోండి. ఆ తరువాత జతగాణ్ణి సూటిగా అడగండి: "అన్నా, ఇంకో కేసుకు వెళ్లగలవా, కాసేపు ఆగుదామా?" "బాగున్నావా" అంటే అందరూ బాగున్నామనే చెబుతారు. చేతులు వణుకుతుంటే ఆ సంగతి కంట్రోల్ రూముకు చెప్పి కొంత వ్యవధి కోరడం విధి నిర్వహణలో భాగమే. పైలట్‌ను "డ్రైవరేగా" అని వదిలేయడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. వెనుక నుంచి వచ్చే తల్లి ఏడుపు వింటూనే దారి తప్పకుండా నడిపిన మనిషి అతను.

జరిగినదంతా అప్పటికప్పుడు చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకండి. ఘటన జరిగిన వెంటనే అలా చెప్పించే పద్ధతిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. చెప్పాలనిపించినప్పుడు వినడానికి పక్కన ఉంటే చాలు.

రాత్రి డ్యూటీలో చివరి టీని అర్ధరాత్రి దాటనివ్వకండి. అందులోని కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. వీలున్నప్పుడు 20 నిమిషాల కునుకు తీయండి. తెల్లవారాక కళ్లు మూతలు పడుతుంటే బైకు ఎక్కకుండా బస్సులో వెళ్లండి. నిద్ర కోసం మద్యం తాగితే మొదట మగత కలిగినా నిద్ర రెండో సగంలో తరచూ మెలకువ వస్తుంది.

ఆ దృశ్యం పదేపదే కళ్ల ముందుకు రావడం, ఆ రోడ్డు వైపే వెళ్లలేకపోవడం, చిన్న శబ్దానికీ ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి. చచ్చిపోవాలనే మాట నోట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. జతగాడు ఫోన్ చేయడానికి సంకోచిస్తుంటే మీరే ఆ నంబరు కలిపి, ఫోన్ అతని చేతికిచ్చి, మాట్లాడటం పూర్తయ్యే వరకు అక్కడే కూర్చోండి.