ఇంటి పనులు ఉక్కిరిబిక్కిరి చేస్తుంటే లిస్టు ఇలా రాయండి

ముందు ఏ పనీ మొదలుపెట్టకండి. పది నిమిషాలు కూర్చుని తలలో తిరిగేవన్నీ పాత నోటుబుక్కులో రాసేయండి. వరస అక్కర్లేదు: గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, ఒంగోలు పెళ్లికి చీర, అత్తయ్యకు బీపీ మాత్రలు.

ఎప్పుడు, ఎలా చేస్తామో రాసుకుంటే, పని పూర్తికాకపోయినా దాని ఆలోచన వెంటాడటం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ‘ఆవకాయ’ అని రాస్తే చాలదు. అది ఒక్క పని కాదు, ఐదారు పనుల మూట. శుక్రవారం జాడీ కడిగి ఎండలో పెట్టాలి; తడి మిగిలితే పచ్చడి బూజు పడుతుంది. శనివారం కారం, ఆవపిండి, ఉప్పు, నూనె. ఆదివారం పొద్దున్నే కాయలు తెచ్చి, ముక్కలు కొట్టించి, తుడిచి కలపాలి. నెల్లూరు ఎండల్లో బయటి పనులు పదకొండులోపే రాసుకోండి.

ఇక పెద్ద లిస్టు మూసేసి, చిన్న చీటీ మీద ఈరోజుకు మూడే పనులు రాయండి. రోజువారీ వంట, బట్టలు అందులో వద్దు, అయినా వాటికి పట్టే సమయం తీసేశాకే మూడు ఎంచుకోండి. రొట్టెల పండుగకు చుట్టాలు దిగితే ఒక్కటి చాలు.

ప్రతి పని పక్కన చేసేవాళ్ల పేరుండాలి. అన్నిటికీ అమ్మ పేరే ఉంటే లిస్టు ఎంత బాగా రాసినా భారం తగ్గదు. బిల్లులు నాన్నకు, మంచినీళ్ల క్యాన్ల లెక్క పిల్లలకు ఇవ్వండి.

మూడు రోజులు వాయిదా పడిన పనిని మళ్లీ అలాగే ఎక్కించకండి. ముక్కలు చేయండి, ఇంకొకరికి ఇవ్వండి, లేదా కొట్టేయండి.