కొత్త లామినేట్ ఫ్లోరింగ్ వేశాక కళ్లు మండుతున్నాయా?

సమస్య: రాత్రంతా మూసి ఉంచిన పడగ్గదిలో పొద్దునకి ఘాటు వాసన. కళ్లు మంట, గొంతు గరగర. కాసేపు బయటికెళ్తే తగ్గిపోతుంది. ఎండ ముదిరినా, ముసురు పట్టినా మళ్లీ మొదలు.

కారణం: లామినేట్ పలక మీద కనిపించే చెక్క గీతలు అచ్చేసిన కాగితమే. లోపలిది హెచ్‌డీఎఫ్, అంటే కలప నారను జిగురుతో కలిపి వేడిగా నొక్కిన అట్ట. ఆ జిగురు ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్. వేడి, తేమ తగిలేకొద్దీ అది విడిపోయి ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతుంది. దీన్ని 2004లోనే ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) క్యాన్సర్ కారకంగా తేల్చింది. ‘కొత్త వాసనేలే’ అని వదిలేయకండి.

ముందు తప్పు నేలదేనా చూడండి. వార్డ్‌రోబ్‌లోనూ ఇలాంటి జిగురు అట్టే ఉండొచ్చు. వార్డ్‌రోబ్ ఖాళీ చేసి రాత్రంతా మూసి, పొద్దున తెరవండి. గుప్పున కొడితే దోషం అక్కడుంది. అరల వెనక అంచులు, హింజ్ కోసం తొలిచిన గుంటలు వేలితో తడమండి. గరుకుగా పొడి రాలితే అక్కడ పట్టీ వేయలేదన్నమాట. ఎడ్జ్ బ్యాండ్ అతికించండి, పైపొర లేని లోపలి ముఖాలకు లామినేట్ వేయించండి.

థిన్నర్ వాసనైతే అది పాలిష్‌దో గమ్‌దో. కిటికీలు తెరిచి ఉంచితే క్రమంగా పోతుంది. బూజు పట్టిన వాసనైతే ఒక పలక లేపి, స్లాబ్ మీద 45 సెంటీమీటర్ల పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి 24 గంటలు ఉంచండి. అడుగున నీటి చుక్కలు కనిపిస్తే ముందు లీకేజీ ఆపాలి. తేమ ఉన్నంతకాలం పలక వాయువు వదులుతూనే ఉంటుంది.

పరిష్కారం: ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒకదాని దగ్గర ఫ్యాన్‌ను బయటికి తిప్పి పెట్టండి. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, బయటి గాలి తేదు. గది చల్లగా, తేమ 50 శాతం దగ్గర ఉంటే వాయువు తగ్గుతుంది. హెపా ఫిల్టర్ ధూళినే పడుతుంది, దీన్ని పట్టదు. అగరుబత్తి అసలు వద్దు, దాని పొగలోనూ ఫార్మాల్డిహైడ్ ఉంటుంది.

ఫార్మాల్డిహైడ్ కొలిచే చవక మీటర్లు శానిటైజర్‌కీ సెంటుకీ కూడా ఎగురుతాయి. కిటికీలు రాత్రంతా మూసి, ల్యాబ్ వాళ్లతో డీఎన్‌పీహెచ్ గొట్టం (గాలిలోని ఫార్మాల్డిహైడ్‌ను పట్టే రసాయనం నింపినది) పెట్టి కొలిపించండి. అరగంట సగటు ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ పరిమితి. తేమ, వార్డ్‌రోబ్ సరిచేశాక కూడా దాటుతుంటే పలకలు తీసేయించడమే. కొత్తవి కొనేటప్పుడు పెట్టె మీద ఈ వాయువుకి హద్దు పెట్టే ‘కార్బ్ ఫేజ్ 2’ (కాలిఫోర్నియా ప్రమాణం) గానీ ‘ఈ1’ (యూరప్ ప్రమాణం) గానీ ఉందో లేదో చూసి, ఆ బ్యాచ్ టెస్ట్ రిపోర్టు అడిగి తీసుకోండి.